ఫిరంగి చక్రం దగ్గరి అంగుళం

నాకు కోపం ఎక్కువ, ముఖ్యంగా కొలతల దగ్గర. ఎవరైనా "సుమారుగా" అన్నారంటే ఒళ్ళు మండుతుంది. పొలాలు కొలిచి హద్దులు చూపించడం నా వృత్తి. ఇల్లు గూడూరులో, పని చుట్టుపక్కల నాలుగు మండలాల్లో. ఇంత వయసొచ్చి బొమ్మ సైనికులతో యుద్ధాలాడుకోవడం ఏమిటని బంధువులు నవ్వుతుంటారు. ఆ ఆటలో ఉన్నదీ కొలతలేనని వాళ్ళకి చెప్పి చెప్పి విసిగిపోయాను.

మా ముందు గదిలో ఎనిమిది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు బల్ల ఉంది. గదిలో ఇంక దేనికీ చోటు లేదు, వచ్చిన చుట్టాలు వరండాలో కూర్చోవాల్సిందే. బల్ల మీద కొండలు ఫ్రిజ్ వెంట వచ్చిన థర్మాకోల్‌తో చేసినవి. ఇసుక జువ్వలదిన్నె నుంచి తెచ్చి మా ఆవిడ పిండి జల్లెడతో జల్లించాను. ఆమె ఆ జల్లెడను మళ్ళీ వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఏటికి మాత్రం మా ఊరి అభ్రకం పొడి జిగురులో కలిపి పూశాను. పొద్దున పూట కిటికీ వెలుగు పడితే నీళ్ళు పారుతున్నట్టే ఉంటుంది. సైనికులు ఒక్కొక్కరు బొటనవేలి కణుపంత ఉంటారు. వాళ్ళ తలపాగాలు, మీసాలు, గుర్రాల జీనులు, అన్నీ భూతద్దం కింద సన్న కుంచెతో నేనే వేశాను. ఒక గుర్రపు దళం పూర్తి చేయడానికి నెల రోజుల సాయంత్రాలు పడుతుంది. పూర్తయిన రోజు చిన్నపిల్లవాడిలా పొంగిపోతాను, అది ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆట తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. చదరంగంలో గళ్ళుంటాయి, ఇందులో ఉండవు. కాల్బలం ఒక వంతుకి ఆరంగుళాలు నడుస్తుంది. గుర్రపు దళం దాడికి దిగితే పన్నెండు అంగుళాలు ఉరుకుతుంది. అంతలో శత్రువు అందితే మీద పడుతుంది, అందకపోతే సగం దూరంలోనే నడి మైదానంలో ఆగిపోయి దెబ్బలు తింటుంది. ఎవరు నిలిచారో, ఎవరు పారిపోయారో పాచికలు తేలుస్తాయి. దూరం మాత్రం టేపు తేలుస్తుంది.

ఆ టేపు దగ్గరే మొదట్లో గొడవలయ్యేవి. ఎవరి టేపు వాళ్ళు తెచ్చుకుని, ఒకరు బొమ్మ ముక్కు నుంచి, ఇంకొకరు తోక నుంచి కొలిచి అరుచుకునేవాళ్ళు. ఒకాయన అలిగి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. దాంతో నేను ఆడడం మానేసి అంపైరునయ్యాను. మా ఇంట్లో కొలిచేది నేనొక్కణ్ణే, అదీ ఒక్కసారే. ఆడేవాళ్ళు కంటితో అంచనా వేసుకుని "అందుతుంది" అని నోటితో చెప్పాలి, ఆ తర్వాతే నేను కొలుస్తాను. కొలిచాక మాట్లాడకూడదు. అలా ఆరేళ్ళుగా రెండో శనివారాల్లో పది గంటలకి మొదలుపెట్టి, మధ్యలో మా ఆవిడ పెట్టే చేపల పులుసు తిని, దీపాల వేళకి ముగిస్తున్నాం. టేపు గురించి ఒక్క మాట రాలేదు.

ఆడడానికి వచ్చేవాళ్ళలో ఇద్దరు అన్నదమ్ములు. మనుబోలు పక్క పల్లెలో వరి రైతులు. అన్నకి యాభై దాటింది, తమ్ముడు ఐదేళ్ళు చిన్న. తండ్రి పోయాక పొలం రెండుగా పంచుకున్నారు, మధ్యలో ఒక గట్టు. దుక్కి దున్నిన ప్రతిసారీ అన్న ఆ గట్టును జానెడు జానెడు తన వైపుకి జరుపుతున్నాడని తమ్ముడి అనుమానం. చేయి కూడా పెట్టలేదని అన్న అంటాడు. ఊళ్ళో రెండేళ్ళుగా వాళ్ళకి మాటల్లేవు. మా ఇంటికి ఒకే దారిలో రెండు మోటారు సైకిళ్ళ మీద పది నిమిషాల తేడాతో వచ్చేవాళ్ళు. బల్ల దగ్గర మాత్రం మాట్లాడుకునేవాళ్ళు. "నీ ఫిరంగి చూపు ఇటు లేదన్నా", "వాగు దాటితే గదా నీ గుర్రాలు", ఇలాంటివే. నేను, మా ఆవిడ అది వింటూ ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం.

ఆ ఏడు కోతలయ్యాక తమ్ముడు లాయరు దగ్గర కాగితాలు రాయించుకున్నాడు. కోర్టులో వేసే ముందు ఒక శనివారం, ఆట ముగిశాక, బొమ్మలు పెట్టెల్లో సర్దుతూ నాతో అన్నాడు.

"సార్, మీరొచ్చి మా గట్టు కొలవండి. మీరు ఎంతంటే అంతే. కాగితాలు చించేస్తా."

అన్న తలెత్తకుండానే, "నాకూ సమ్మతమే. సార్ టేపుకి తిరుగు లేదు" అన్నాడు.

నిజం చెప్తున్నాను, ఛాతీ ఉబ్బిపోయింది. వచ్చే రెండో శనివారం ఆట ఉంది కదా, ఆ తర్వాతి సోమవారం వస్తానన్నాను. ఇద్దరూ ఒకేసారి తల ఊపారు. నా కొలత ఒప్పుకుంటే వాళ్ళు కోర్టు మెట్లెక్కరు, రెండిళ్ళ మధ్య మళ్ళీ రాకపోకలుంటాయి. ఒప్పుకోకపోతే ఇంక కలిసేది లేదు. ఆ నెల రోజులూ ఆ సంగతి తలుచుకుంటూనే గడిపాను.

ఆ శనివారం పొద్దున్నే బల్ల దగ్గర వాడే టేపు స్ప్రింగు విరిగింది. పని సంచిలోంచి నా జేబు టేపు తీశాను. దాని మొదటి కొక్కెం రాళ్ళకి తగిలించి తగిలించి అరిగి వదులైపోయింది. ఇలాంటి టేపు వాడేటప్పుడు ఈ పనిలో ఉన్నవాళ్ళం ఎవరమూ సున్నా నుంచి కొలవం. ఒకటో అంగుళం గీతను వస్తువు దగ్గర పెట్టి కొలిచి, వచ్చిన లెక్కలో ఒకటి తీసేస్తాం. చేతికి అలవాటైపోయిన పద్ధతి, నిద్రలో లేపినా చేస్తాను.

ఆ రోజు ఏటి ఒడ్డున యుద్ధం. అన్న వైపు కొండ మీద ఫిరంగులు. జువ్వలదిన్నె నుంచి వచ్చే పడవ ఇంజన్ల మెకానిక్ ఒకతను ఆయన జట్టు. తమ్ముడు ఒక్కడే ఎదురుగా. అతని ముఖ్య బలం పదహారు గుర్రాల దళం. వాటి రౌతులకి గులాబి తలపాగాలు వేయించుకున్నది కూడా అతనే, పక్కన కూర్చుని పోరు పెట్టి మరీ. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఆ దళాన్ని మామిడి తోపు చాటున చాలా దూరం తెచ్చాడు. ఇంక ఎదురుగా అన్న పెద్ద ఫిరంగి. అది పోతే కొండ పోయినట్టే.

తమ్ముడు బల్ల మీదకి వంగి ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "అందుతుంది సార్. దాడి."

నేను అన్న వైపుకి వెళ్ళి టేపు మొదలు ఫిరంగి చక్రానికి ఆనించాను. రెండో చివర గుర్రాల దాకా లాగాను. సరిగ్గా అప్పుడే మెకానిక్ "అందదన్నా, పందెం!" అని గట్టిగా అరిచాడు. నేను వంగి చూశాను.

"పన్నెండున్నర. అందలేదు."

తమ్ముడు ఒక్క క్షణం ఆ గీత వైపు చూశాడు. తర్వాత మా ఇంటి నియమం ప్రకారం ఏమీ అనకుండా గుర్రాలను సగం దూరం జరిపి మైదానం మధ్యలో నిలబెట్టాడు. ఫిరంగి పేలింది. పాచికలు ఘోరంగా పడ్డాయి. పదహారు గుర్రాల్లో పదకొండు పోయాయి, మిగిలినవి పారిపోయాయి. పోయిన వాటిని ఒక్కొక్కటిగా తీసి ట్రేలో పడుకోబెట్టాడు.

తర్వాతి వంతులో ఇంకేదో కొలవడానికి టేపు ఆనించాను. నా బొటనవేలు ఒకటో అంగుళం మీద ఉంది. ఆ వేలిని చూశాకే తెలిసింది. ఇందాక కూడా ఒకటి మీదే పెట్టాను. తీసేయడం మర్చిపోయాను. అసలు దూరం పదకొండున్నర. గుర్రాలు అందాయి.

అప్పటికి గడిచింది ఒక్క వంతే. "ఆగండి, నాదే పొరపాటు" అంటే సరిపోయేది. బొమ్మల్ని వెనక్కి పెట్టుకుని మళ్ళీ ఆడుకునేవాళ్ళం, మెకానిక్ రెండు నెలలు నన్ను ఆటపట్టించేవాడు, అంతే. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ సోమవారం గుర్తొచ్చింది. ఎనిమిదడుగుల బల్ల మీద తప్పు కొలిచినవాడు ఎకరాల పొలంలో సరిగ్గా కొలుస్తాడని ఎవరు నమ్ముతారు? ఈ అంగుళం బయటపడితే ఆ గట్టు కోర్టుకి పోతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అందులో వాళ్ళ మంచి ఎంతో, నా పరువు ఎంతో అప్పుడు విడదీసి చూసుకోలేదు.

నోరు మూసుకున్నాను. మూసుకుని ఊరుకున్నా బాగుండేది. దొంగచాటుగా సరిదిద్దబోయాను. తమ్ముడి కాల్బలం చెట్ల చాటున ఉందో లేదో అని అనుమానం వస్తే ఉందన్నాను. ఏటి లోతు గురించి అడిగితే అతనికి అనుకూలంగా చెప్పాను. మూడోసారి కూడా అతని వైపే తీర్పు చెప్పేసరికి మెకానిక్ నవ్వుతూ నాతో అన్నాడు.

"ఏందన్నా, ఈ రోజు ఆయన మీద ప్రేమ కారిపోతా ఉండాదే?"

అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ తన ఫిరంగి చక్రం వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత ఇంక ఎవరి వైపూ మొగ్గలేదు.

తమ్ముడు ఓడిపోయాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "అర అంగుళంలో పోయింది సార్. పోనీలే, మీరు కొలిచినాక ఇంకేముంది? సోమవారం పొద్దున్నే వచ్చేయండి" అన్నాడు. తల ఊపాను.

మర్నాడు చర్చిలో ప్రభు సంస్కారం ఉన్న ఆదివారం. మనసులో తప్పు దాచుకుని దాన్ని తీసుకోకూడదు. రొట్టె, ద్రాక్షరసం నా వరసలోకి వచ్చినప్పుడు చేయి చాపకుండా పక్కవాళ్ళకి దారి ఇచ్చాను. పెళ్ళైనప్పటి నుంచి నేను అలా చేయడం మా ఆవిడ చూడలేదు. ఇంటికి వచ్చేదాకా ఏమీ అడగలేదు. తలుపు మూశాక అడిగింది. దాచకుండా చెప్పేశాను.

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, "ఫోన్ చెయ్యండి, ఇప్పుడే" అంది.

"ఫోన్‌లో చెప్పే మాట కాదు. రేపు పొలం దగ్గర ముఖాముఖి చెప్తాను."

"రేపు పొలంలో చెప్తే అది ఆట మాట కాదండీ, పొలం మాటైపోద్ది. ఈ రోజు చెప్తే ఒట్టి గుర్రాల మాట."

కసిరాను. నా వృత్తి గురించి నాకు చెప్పొద్దన్నాను. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నమంతా ఫోన్ చేతిలో పట్టుకుని వరండాలో కూర్చున్నాను. తమ్ముడి నంబరు రెండుసార్లు తీశాను. రెండోసారి ఒకసారి మోగింది కూడా, అంతలోనే కట్ చేశాను. అతను తిరిగి చేసి "ఏం సార్?" అంటే, "రేపు ఎన్నింటికి రమ్మంటావని" అన్నాను. ఆ అబద్ధం చెప్పినందుకు ఈనాటికీ నా మీద నాకు అసహ్యం.

సోమవారం ఏడు గంటలకే పొలంలో పదిమంది దాకా ఉన్నారు. అన్నదమ్ములిద్దరూ గట్టుకి అటొకరు ఇటొకరు. ఊరి పెద్ద ఒకాయన కండువా నెత్తిన కప్పుకుని గట్టు మీద కూర్చున్నాడు. కోసిన వరి మొదళ్ళు కాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. పొలం పటం విప్పి, మూలరాయి ఎక్కడుందో చూసుకుని, పెద్ద టేపు బయటికి తీశాను. అది కొత్తది, కొసలు సరిగ్గా ఉన్నాయి.

"కొలిచే ముందు ఒక మాట," అన్నాను. "శనివారం ఆటలో నేను తప్పు కొలిచాను. ఒక అంగుళం తీసేయడం మర్చిపోయాను. తమ్ముడి గుర్రాలు అందాయి. ఆ సంగతి ఆటలోనే నాకు తెలిసింది. చెప్పలేదు."

ఊరి పెద్దకి అర్థం కాలేదు. "ఏం గుర్రాలు? యాడ గుర్రాలు?" అన్నాడు. ఎవరో బొమ్మ గుర్రాలని చెప్తే పదిమందీ పకపకా నవ్వారు. "బొమ్మ గుర్రాలకి ఇంత పంచాయితీనా సార్! కొలవండి, ఎండెక్కతా ఉండాది."

అన్నదమ్ములు నవ్వలేదు. తమ్ముడు నన్నే చూస్తున్నాడు.

"పోనీలే సార్, ఆట గదా," అన్నాడు చివరికి. ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడు అన్న మాట్లాడాడు.

"నేను చూసినా."

అందరం అటు తిరిగాం.

"ఫిరంగి చక్రం దగ్గర టేపు ఒకటి మీద పెట్టినారు సార్. నా కళ్ళ ముందరే. పన్నెండున్నర అనంగానే తెలిసిపోయింది. గెలుస్తా ఉండాను గదా అని ఊరుకున్నా." ఆయన తల వంచుకున్నాడు. "సార్ చెప్పినాక నేను చెప్పకుండా ఎట్ట ఉండేది?"

ఆయన చేసింది చిన్న పని కాదు. పదిమందిలో, తమ్ముడి ముందు, ఎవరూ అడగకుండానే ఒప్పుకున్నాడు. కానీ తమ్ముడి ముఖం చూస్తుండగానే మారిపోయింది. ఆ చూపు ఇప్పుడు నా మీద లేదు.

"అంగుళం చూసి ఊరుకున్నోడివి, గట్టు మీద చెయ్యి పెట్టలేదంటే నేనెట్ట నమ్మేదన్నా?"

ఊరి పెద్ద కల్పించుకుని, "ముందు కొలవనీండ్రా, కొలిస్తే తేలిపోద్ది" అన్నాడు. నేను కొలిచాను. టేపు సున్నా కొస మూలరాయి దగ్గర అన్నదమ్ములిద్దరినీ కూర్చోబెట్టి వాళ్ళ చేతే పట్టించాను. ఒకసారి కొలిచాను. అంకె చూసి నమ్మలేక మళ్ళీ కొలిచాను. అవతలి రాయి నుంచి వెనక్కి ఇంకోసారి కొలిచాను. మూడుసార్లూ ఒకటే వచ్చింది. గట్టు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. పటానికీ దానికీ బెత్తెడు తేడా కూడా లేదు. అన్న దాన్ని ఏనాడూ జరపలేదు.

ఆ మాట గట్టిగా చెప్పాను. ఊరి పెద్ద చేతులు చరిచి, "అయిపోయింది, ఇంగ కాగితాలు చించేయరా" అన్నాడు.

తమ్ముడు టేపు కొస కింద పెట్టి లేచాడు. చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. అరవలేదు, మర్యాద తప్పలేదు.

"సార్, మీరు శనివారమే చెప్పుంటే ఈ కొలత నమ్మేవాణ్ణి. మీరు ఇద్దరూ రెండు రోజులు కడుపులో పెట్టుకున్నారు. ఇప్పుడు మీరు కొలిస్తే ఆయనదే రైటని వచ్చింది. నన్నేం అనుకోమంటారు?"

జీవితంలో అంత సరిగ్గా కొలిచిన కొలత ఇంకొకటి లేదు, దాన్ని నమ్మించడానికి నా దగ్గర ఒక్క మాట మిగల్లేదు. ఆదివారం మధ్యాహ్నం అతను ఫోన్‌లో "ఏం సార్?" అన్నప్పుడు ఆ మాట ఉండింది. అతను గట్టు దాటకుండా చుట్టూ తిరిగి రోడ్డు మీదకి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే కేసు వేశాడు.

ఇప్పటికీ రెండో శనివారాల్లో ఆట జరుగుతుంది. తమ్ముడు రాడు. టేపు ఇప్పుడు ఎవరైనా పట్టుకోవచ్చు, నన్ను మళ్ళీ కొలవమనవచ్చు. ఆ నియమం నేనే పెట్టాను. మెకానిక్ ప్రతిదానికీ రెండుసార్లు కొలిపించి నన్ను ఏడిపిస్తాడు. పడతాను. అన్న మాత్రం మానకుండా వస్తాడు, ఏమీ జరగనట్టే ఆడతాడు.

మొన్న ఒక శనివారం ఆయన అందరికంటే ముందే వచ్చాడు. నేను కొండలు సర్దుతున్నాను. పక్కన నిలబడి కాసేపు ఒక బొమ్మ చెట్టును అటూ ఇటూ జరిపాడు.

"సార్, ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోబాకండి. ఆ రోజు మా గట్టు నిజంగా సరిగ్గానే ఉండిందా?"

తన చేత్తో ఏనాడూ జరపని గట్టు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలియాలి.

"సరిగ్గానే ఉంది," అన్నాను. "మీ ముందే కదా, మూడుసార్లు కొలిచాను."

"అదే సార్," అన్నాడు ఆయన, చెట్టును వదిలిపెట్టి. "ముందంతా ఒక్కసారే కొలిచేవాళ్ళు మీరు."